వరస తేలాకే సీటు

నిండిన బస్సులో ఎవరైనా "కొంచెం జరగండి" అంటే నాకు ఇప్పటికీ ఆ మాట సగమే అన్నట్టు ఉంటుంది. మా మావయ్య ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సు కండక్టరుగా చేశాడు. ఒక్కసారి కూడా వరస లేకుండా ఆ మాట అనలేదు. "జరగవే అక్కా, వెనక సగం బస్సు ఖాళీ." "బాబాయ్, ఆ సంచికి కూడా టికెట్ కొట్టమంటావా?" "అల్లుడూ, ఫుట్‌బోర్డు మీద వేలాడితే పిల్లనివ్వను." మనుషులు జరిగేవారు. పేరు తెలియని మనిషిని కదిలించాలంటే వరసను మించిన హారన్ లేదని ఆయన సిద్ధాంతం. ఆయన మాత్రం అందరికీ అన్నయ్య. డిపో మేనేజరు కూడా మందలించాల్సి వస్తే "ఏంటన్నయ్యా ఇది" అని మొదలుపెట్టి, ఆ పైన ఎలా మందలించాలో తెలియక ఊరుకునేవాడట.

అన్నయ్య భార్య గనక మా అత్తయ్య ఆ రూటులో అందరికీ వదిన అయి కూర్చుంది. ఆమె బస్సెక్కితే "వదినా, ఇటు రా" అని నలుగురు లేచేవారు. వాళ్ళెవరో ఆమెకు తెలియదు. "పెళ్ళిలో ఒక్క మరిదీ లేడనుకున్నాను. బస్సెడు మంది ఉన్నారు" అనేది. వాళ్ళకు పిల్లలు లేరు.

మావయ్య రిటైరయిన రెండో ఏట అత్తయ్య పోయింది. తర్వాత మూడో నెలలో ఒక ఉదయం ఆయన పాల దుకాణానికి వెళ్ళి "అర లీటరు" అనబోతే గొంతు పెగల్లేదు. ముందు జలుబనుకున్నాడు. తర్వాత ఆలోచిస్తే, అప్పటికి మూడు రోజులుగా తాను ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడలేదని తేలింది. నాకు ఫోన్ చేసి అదేదో వింత సంగతిలా చెప్పాడు. "అంత అరిచిన గొంతే అమ్మాయ్, మూడు రోజులకే తుప్పు పట్టింది." ఆ వారం నుంచి నేను ప్రతి ఆదివారం ఆయన దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను.

ఆయన ఉండే భవనానికి నాలుగంతస్తులు, ఇరవై నాలుగు గదులు. లిఫ్టు లేదు. అందువల్ల ఎవరూ అనుకోకుండానే ఒక పంపకం జరిగిపోయింది. మెట్లెక్కలేని పెద్దవాళ్ళు కింది రెండంతస్తుల్లో, అద్దె తక్కువని చేరిన కుర్రకారు పై రెండంతస్తుల్లో. రాకపోకలకు ఒకటే మెట్లదారి. పొద్దున ఎనిమిదింటికి పైవాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దడదడా దిగేవారు. కిందివాళ్ళు తలుపులు ఓరగా తీసి, ఆ చప్పుడు అయిపోయాక మూసుకునేవారు. పలకరింపులు లేవు.

మూడో అంతస్తులో ఒక ఫోన్ మెకానిక్ ఉండేవాడు. పాతికేళ్ళ వాడు. ఎప్పుడూ ఫోన్ చెవికి ఆనించుకుని "ఆఁ, ఆఁ, సరే" అంటూనే మెట్లు దిగేవాడు. ఒకరోజు మావయ్య మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాడు.

"తమ్ముడూ, ఆ ఫోన్ వెనకాల మూత లేదు. బ్యాటరీ కూడా లేదు. ఎవరితో మాట్లాడుతున్నావు?"

అతను ఫోన్ తిప్పి చూసుకున్నాడు. రిపేరుకొచ్చిన ఫోన్ అది. "ఎవరితోనూ కాదండీ. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే ఏం మాట్లాడాలో తెలీదు. అందుకని..."

"మాట్లాడకుండా ఉండటానికి మాట్లాడుతున్నావా?"

"అంతేనండీ."

మావయ్య ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు నవ్వలేదు. తన జబ్బే పై అంతస్తులోనూ ఉందని ఆయనకు ఆ రోజు అర్థమైంది. తనకు మాటలున్నాయి, మనుషులు లేరు. ఆ కుర్రాడికి మనుషులు ఎదురవుతున్నారు, మాట లేదు.

వారం తిరక్కుండా ఆయన డిపో వెనక తుక్కు బస్సులుండే చోటికి వెళ్ళి, పాత పరిచయం మీద ఒక సీటు విప్పించుకొచ్చాడు. ఇద్దరు కూర్చునే సీటు. రెక్సిన్ ఒక మూల చిరిగి ఉంది. మెకానిక్ చేత ఒక పక్క పట్టించి దాన్ని రెండు, మూడు అంతస్తుల నడుమ మెట్లు మలుపు తిరిగే చోట, కిటికీ పక్కన బిగించాడు. పెద్దవాళ్ళు కొంచెం ఎక్కాలి, చిన్నవాళ్ళు కొంచెం దిగాలి. గోడ మీద సుద్దతో మూడు రూల్స్ రాశాడు. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా. పైనుంచి ఒకరు, కిందనుంచి ఒకరు. వరస తేలాకే సీటు.

మూడో రూలు మీద మొదట్లో నాకు నమ్మకం లేదు. "మనిషిని చూడగానే వరస ఎలా తేలుతుంది మావయ్యా?" అన్నాను.

"వరస లేకపోతే ఏం మాట్లాడాలో తెలీదే. బాబాయ్ అనుకో, కొంచెం భయం. తాత అనుకో, గారం. బావ అనుకో, తిట్టొచ్చు. వరస తేలితే సగం మాటలు దాంట్లోంచే వస్తాయి."

మొదటి ట్రిప్పు మెకానిక్కు, కింద గదిలో ఉండే గడియారాలాయనకు పడింది. గడియారాలాయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళు చేతి గడియారాలు బాగుచేసి, చెయ్యి వణకడం మొదలయ్యాక కొట్టు మూసేశాడు. నోరు మాత్రం వణకలేదు. తాత, మనవడు అని వరస తేల్చి మావయ్య విజిల్ ఊదాడు. అరగంట సేపు ఇద్దరూ కిటికీలోంచి ఎదుటి గోడ చూశారు. రెండో వారం కూడా గోడే చూశారు. మూడో వారం మెకానిక్ జేబులోంచి చిన్న స్క్రూ జారి కింద పడితే, ముసలాయన మెట్ల మీద వెతకనివ్వలేదు.

"కాళ్ళు కదపకు. చెప్పు కింద పడితే ఇక అంతే సంగతులు. తడి వేలితో అద్దు."

స్క్రూ దొరికింది. దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, "ఇంత సన్నవి మాకూ లేవురా మనవడా" అన్నాడు ముసలాయన. ఆ రోజు ట్రిప్పు అరగంటలో ముగియలేదు. విజిల్ ఊదితే ఇద్దరూ కలిసి మావయ్యను కసురుకున్నారు.

వరసల లెక్క మొదటిసారి బెడిసింది కూడా గడియారాలాయన దగ్గరే. మెకానిక్ మావయ్యను అన్నయ్య అని పిలవడం విని ఆయన పట్టుకున్నాడు. "వీడు నాకు మనవడు. నువ్వు వీడికి అన్నయ్యవి. అంటే నువ్వూ నాకు మనవడివే. ఏరా మనవడా, నీళ్ళు పట్రా." అప్పుడు మావయ్యకు అరవై ఆరేళ్ళు. మెట్లన్నీ నవ్వాయి. పిలుపును బాబాయి అని మార్చుకోవచ్చు కదా అని నేను మావయ్యతో అన్నాను. ఆయన వినిపించుకోలేదు. నీళ్ళు మాత్రం తెచ్చాడు.

ఆరు నెలల్లో సీటు చాలక మెట్ల మీద కూడా కూర్చునేవారు. రానిది ఒక్క లెక్కల టీచరే.

ఆమె గది రెండో అంతస్తులో, మావయ్య గదికి మూడు తలుపుల అవతల. డెబ్బై ఒక్క ఏళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఆరుగురు అక్కచెల్లెళ్ళలో పెద్దది. మిగిలిన అయిదుగురిలో ఇద్దరే ఉన్నారు, వాళ్ళూ దూరంగా. చిన్నాపెద్దా అందరినీ మీరు అనేది. మావయ్య ఏడు నెలలపాటు ప్రతి ఆదివారం తొమ్మిదిన్నరకు తలుపు తట్టి "టీచరుగారూ, బండి కదులుతోంది" అనేవాడు. లోపల్నుంచి "కదలనివ్వండి" అని జవాబొచ్చేది. ఏడు నెలల తర్వాత ఒకరోజు ఆమె తలుపు తీసి, బయట తాళం వేసి, ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకుని మెట్లెక్కింది.

ఆమె పక్కన పడింది నాలుగో అంతస్తు ల్యాబ్ అమ్మాయి. రక్తపరీక్షల ల్యాబులో సూది గుచ్చే పని. ఇరవై మూడేళ్ళు. మాటల పుట్ట. రోజుకు యాభై మందితో "పిడికిలి బిగించండి, ఊపిరి తీసుకోండి" అనడమే తప్ప వేరే మాట ఉండదని, సాయంత్రానికి తన మాటలన్నీ కడుపులో పుల్లబడతాయని చెప్పేది. వాళ్ళిద్దరికీ వరస తేలలేదు.

"అమ్మమ్మ అననా?"

"నాకు కూతురు లేదు. కూతురు లేకుండా మనవరాలు రాదు. మెట్టు ఎగరగొట్టకూడదు."

"పిన్ని?"

"మీ అమ్మగారి వయసెంత?"

"నలభై ఆరు."

"ఆవిడకు నేను చెల్లెలినెలా అవుతాను? తప్పు."

"పోనీ పెద్దమ్మ?"

"పెద్దమ్మ నెత్తినెక్కిందంటారు దరిద్రం పడితే. వద్దు."

"అత్తయ్య?"

"అత్త అంటే సాధించేదని మీ ఉద్దేశమా?"

"బళ్ళో పిల్లల్ని సాధించలేదేంటి?" అంది అమ్మాయి.

టీచరు పెదవి చివర ఏదో కదిలింది. మావయ్య వాళ్ళకు మూడో రూలు సడలించాడు. వరస తేలకుండానే మూడు ఆదివారాలు కూర్చున్నారు. టీచరు ఆ అమ్మాయికి తేదీ చెబితే ఏ వారమో చెప్పే కిటుకు నేర్పింది. అమ్మాయి టీచరుకు ల్యాబుకొచ్చే వాళ్ళను అనుకరించి చూపించేది. సూది చూడగానే పెళ్ళాం చెయ్యి పట్టుకునే మీసాలాయనను చూపించిన రోజు టీచరు నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఎలాగైనా వరస నువ్వే వెతుకు" అని మావయ్య ఆ అమ్మాయికి పని అప్పగించాడు.

నాలుగో ఆదివారం నేనూ అక్కడున్నాను. మెట్ల మీద పదిహేను మందిదాకా ఉన్నారు. టీచరు కిటికీ పక్కన కూర్చుని ఉంది. అమ్మాయి పైనుంచి దిగుతూ మెట్ల మీదనుంచే అరిచింది.

"అన్నయ్యా, దొరికింది! వదిన! వదినా అని పిలుస్తా. ఎంత ఆటపట్టించినా తప్పులేదు."

ఆ అమ్మాయికి తను ఏమందో తెలియదు. వాళ్ళమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరినీ వదిన అనే పిలిచేదట. అన్నయ్య ఎవరని అడిగే అవసరం ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఇక్కడ మాత్రం అన్నయ్య అందరి కళ్ళ ముందు, మెడలో విజిల్‌తో నిలబడి ఉన్నాడు.

గడియారాలాయనకు నోరు ఆగుతుందా? "ఏమోయ్ కండక్టరూ! మాకు చెప్పకుండానే టికెట్ కొట్టేశావా?"

మెట్లన్నీ పగలబడి నవ్వాయి. టీచరు లేచింది. ముఖం కందగడ్డలా ఉంది. గోడ పట్టుకుని మెట్లు దిగి, తాళం తీసి లోపలికి వెళ్ళింది. గడియ వేసిన చప్పుడు పైకి వినిపించింది. ఆమె వంక చూస్తూ ఉండటంవల్ల మావయ్య అంతకుముందే వెళ్ళిపోయాడని మాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు విజిల్ ఎవరూ ఊదలేదు.

తర్వాతి రెండు ఆదివారాలు టీచరు తలుపు తెరుచుకోలేదు. మావయ్య తట్టలేదు కూడా. మూడో వారం ఇంటి ఓనరు ఆయనకు కనబడి, రెండో అంతస్తులో నెలాఖరుకు ఒక గది ఖాళీ అవుతోందని, ఎవరైనా ఉంటే చెప్పమన్నాడు. టీచరుగారు ఊరి చివర వృద్ధాశ్రమంలో చేరుతున్నారు, కాగితం కూడా రాసిచ్చారు. నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులున్నాయి.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి ల్యాబ్ అమ్మాయి మావయ్య గది గుమ్మంలో నిలబడి ఉంది. ఏడ్చినట్టుంది.

"తప్పు నాది. నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా అన్నయ్యా."

"ఆ మాట అనకమ్మా."

"కాళ్ళు పట్టుకుంటే తప్పేంటి?"

"కాళ్ళ సంగతి కాదు. అన్నయ్య అనకు."

అమ్మాయి నా వంక చూసింది. మావయ్య మంచం మీద కూర్చుని, విజిల్ తాడును వేలికి చుడుతూ విప్పుతూ చెప్పాడు. గొంతులో పెద్ద తేడా ఏమీ లేదు. "నన్ను ఎవరైనా అన్నయ్య అంటే, పక్కన వదిన ఉన్నట్టే ఉంటుంది. ఆవిడ ఇంట్లో ఉంది, నేను డ్యూటీలో ఉన్నాను, అంతే. ఇన్నాళ్ళూ అట్లా నెట్టుకొచ్చాను. ఆ మాట నువ్వు ఇంకొకరిని అనేసరికి ఆవిడ సీట్లో ఎవరో కూర్చున్నట్టయింది. అందుకే లేచి వచ్చేశాను. టీచరుగారు నవ్వులపాలయితే నేను నిలబడి సర్దిచెప్పాల్సింది. చెప్పలేదు. ఆవిడ నవ్వినవాళ్ళ వల్ల వెళ్ళట్లేదమ్మా. నేను వెళ్ళిపోవడం చూసి వెళ్తోంది."

కాసేపటికి మావయ్యే లేచి చొక్కా మార్చుకున్నాడు. మేమిద్దరం వెనక నడిచాం.

టీచరు తలుపు తీసింది కానీ గుమ్మం దాటి రానివ్వలేదు. లోపల పుస్తకాలు కట్టలు కట్టి ఉన్నాయి. గోడకున్న చిన్న నల్లబోర్డు ఇంకా దించలేదు.

"టీచరుగారూ, ఆ రోజు నేను..."

"మీరు అసహ్యించుకున్నారు. అర్థమైంది. అందులో మీ తప్పేం లేదు."

"అసహ్యం కాదండీ. మా ఆవిడ పేరు అది."

"వదినా?"

"బస్సులో."

ఆయన బస్సు సంగతి చెప్పాడు. నిలబడి, ఎండలో నడిచొచ్చినవాడిలా ఆగి ఆగి చెప్పాడు. విన్నాక టీచరు వెనక్కి తిరిగి బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకుంది. ఆమెకు వేరే రకంగా ఆలోచించడం రాదనుకుంటాను.

"చూడండి. మీరు వీళ్ళకు అన్నయ్య. నేను వదిన. అయితే నేను మీకు భార్యనైనా కావాలి, మేనమామ కూతుర్నైనా కావాలి. ఎటునుంచి రాసినా పరిహాసం ఆడే వరసే వస్తోంది. ముసలాయన నవ్వాడంటే నవ్వడా మరి?"

"వదిన మార్చేద్దాం టీచరుగారూ," అంది అమ్మాయి గబగబా. "నేను ఇంకెప్పుడూ అనను."

టీచరు సుద్దముక్క కింద పెట్టలేదు. బోర్డు వైపే చూస్తూ అంది. "నేను ఇంటికి పెద్దదాన్ని. తమ్ముళ్ళు లేరు, మరుదులు లేరు. ఇంట్లో అక్క, బయట టీచరు. ఈ వయసుకు నన్ను ఒక్కరూ ఆటపట్టించలేదు. ఆ రోజు ఆ మాట వినగానే నాకు కోపం రాలేదమ్మాయీ. సంతోషమే వచ్చింది. తలెత్తి చూస్తే ఈయన వెళ్ళిపోతున్నారు." మావయ్య వైపు తిరిగి, "వదిన ఉండనివ్వండి. అది నాకు కావాలి" అంది.

మావయ్య బోర్డు వంక చాలాసేపు చూశాడు. రెండు మాటలే ఉన్నాయి దాని మీద. ఒకటి ఉండాలంటే రెండోది పోవాలి. అది చూడటానికి లెక్కల టీచరు అక్కర్లేదు.

"నన్ను తాతయ్య చేసెయ్యండి" అన్నాడు.

ఆయనకు ఆ మాటంటే ఎంత పడదో నాకు తెలుసు. మా పిల్లలు పొరపాటున తాతయ్య అంటే పలికేవాడు కాదు.

టీచరు అన్నయ్యను తుడిచి తాతయ్య అని రాసింది. గీత గీసింది. అక్కడ ఆగి మళ్ళీ చూసుకుంది. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కళ్ళజోడు తీసింది గానీ తుడుచుకోలేదు, నవ్వింది. సన్నగా, విద్యార్థి ఎవరో వెనక బెంచీలోంచి నవ్వినట్టు.

"మీకెన్నేళ్ళు?"

"అరవై ఆరు."

"నాకు డెబ్బై ఒకటి. ఈ లెక్కన నేను మీ మనవడి భార్యను. మీకు మనవరాలిని."

"సరిపోయిందా?"

"సరిపోయింది. పరిహాసం పోయింది."

ఆ సాయంత్రమే ఆమె ఓనరు దగ్గర కాగితం వెనక్కి తీసుకుంది. పుస్తకాల కట్టలు విప్పడానికి ల్యాబ్ అమ్మాయి వెళ్ళింది. విప్పడంకన్నా కసుర్లే ఎక్కువ వినిపించాయి. "అంకెల వరసలో పెట్టమన్నాను, రంగుల వరసలో కాదు." "మీరే పెట్టుకో వదినా!" మీరు, నువ్వు రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయాయి. టీచరు దాన్ని దిద్దలేదు.

మర్నాటి నుంచి మెట్లదారి మొత్తానికి కొత్త మాట అలవాటు చెయ్యాల్సి వచ్చింది. మావయ్య గది గదికీ వెళ్ళి, రూటు మారిందని ప్రయాణికులకు చెప్పినట్టు చెప్పాడు. కొందరు మరిచిపోయి అన్నయ్యా అంటే పలికేవాడు కాదు. రెండోసారి అంటే నాలిక కరుచుకుని మార్చుకునేవారు. గడియారాలాయన మాత్రం "నిన్నటిదాకా మనవడివి, ఇవాళ తమ్ముడివి. ప్రమోషన్ రా" అన్నాడు.

ఆ తర్వాత మావయ్య నాలుగేళ్ళు బతికాడు. అన్నయ్య అని ఎవరైనా పిలిస్తే ఆయన ముఖంలో వెలిగేదేదో తాతయ్య అంటే వెలగలేదు. అది దాచడానికి నేను ఇది రాయడం లేదు. ఆ మాట ఆయన ఇచ్చేశాడు, అంతే.

బోర్డు మీద మాట మారిన తర్వాతి ఆదివారం పదింటికి టీచరు తాళం వేసి మెట్లెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. ల్యాబ్ అమ్మాయి వచ్చి "వదినా, జరుగు" అంది.

"ఎంత జరగను? కిటికీలోంచి దూకనా?"

"దూకు. చీటీ రాసిపెట్టి దూకు, లెక్కల్లో."

మావయ్య పై మెట్టు మీద నిలబడి ఉన్నాడు. మెకానిక్ కిందనుంచి కేకేశాడు. "తాతయ్యా, విజిల్!"

మావయ్య వెనక్కి తిరిగి, తన వెనక ఎవరున్నారా అని చూశాడు. ఎవరూ లేరు. ఇటు తిరిగి విజిల్ ఊదాడు.